అక్కర బావి

ఆ అర్జీ రాసిన పొద్దున మా పెదనాయన ఇంటి తిన్నె మీద ఉన్నవారూ, ఉన్నవీ: పెదనాయన చెంగల్రాయప్ప, ఆయన గొడుగు, ఆయన పొడుం డబ్బీ, గడపలో నిలబడి బయటికి రావడమా లోపలికి పోవడమా తేల్చుకోని పెద్దమ్మ, వీధి పెద్ద కుప్పయ్య, సాక్ష్యానికని తోడి తెచ్చిన చెంబెడు బావి నీళ్లు, అదే సాక్ష్యానికని తెచ్చిన పిడికెడు తెగిన నూలు, ఒక సిరాబుడ్డి, రెండు పాళీలు, నాలుగు ఠావుల కాగితం, ఎవరిదో తెలియని మేక ఒకటి, నేను. మేక తప్ప మిగిలిన ప్రాణులందరికీ ఆ అర్జీలో ఏముండాలో గట్టి అభిప్రాయాలున్నాయి. మేకకి కాగితం మీద మాత్రమే ఆసక్తి.

పోయిన నెల పెదనాయన పోయాడు. కావేరిపాక్కం చెరువు తూముల మరమ్మతు చూస్తున్న నేను సెలవు పెట్టి మా ఊరు గుడియాత్తం వెళ్లి, కర్మాంతరం దాకా ఉండి వచ్చాను. అన్ని రోజులూ ఆయన్ని గురించి జనం చెప్పిన మాటల్లో సగం నిజం కాదు. మిగతా సగం ఆయన బతికుండగా స్వయంగా పుట్టించినవి. ధర్మాత్ముడన్నారు, ఊరి కోసమే పుట్టాడన్నారు. ఊరి కోసం పుట్టిన మాట నిజమే కానీ, ఆయన్ని చూసి వీధి చివరినుంచే సందులోకి తప్పుకున్నవాళ్లని నేను చాలామందిని ఎరుగుదును. వాళ్లే ఇప్పుడు కళ్లు తుడుచుకున్నారు. అందుకని నాకు తెలిసింది తెలిసినట్టు రాసిపెడుతున్నాను. తెలుగు అక్షరాలు నేను ఇరవై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, అప్పట్లో తెలుగు చదవగలిగిన ఇల్లూ లేదు. తప్పులుంటే సర్దుకోండి. రాయబోయేదే ఒక తప్పు గురించి.

పరోపకారి అంటే నెమ్మదిగా, చల్లగా నవ్వుతూ ఉంటాడని అనుకునేవాళ్లు మా పెదనాయనతో ఒక్క పూట గడిపి ఉండాల్సింది. తెల్లవారేసరికి మా నేతగాళ్ల వీధి పొడుగునా నూలు పడుగులు సాచేవాళ్లు. గంజి కుండల ఆవిరి, నీలి తొట్ల పులిసిన వాసన, వాటి మీద పెదనాయన పొడుం ఘాటు, ఈ మూడూ కలిస్తే మా ఇంటి వాసన. మగవాళ్లు కుంచెలు పట్టుకుని నూలుకి గంజి పట్టిస్తూ అటూ ఇటూ నడుస్తుంటే, ఆయన ఒక్క పోగు ముట్టుకోకుండా వాళ్ల పక్కనే నడిచేవాడు. ఇంట్లో మగ్గం పెద్దమ్మ నేసేది, మా నాయన నేసేవాడు. ఆయనకి వేరే పని ఉంది. "ఏమప్పా, కష్టం ఏదైనా ఉండాదా?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. లేదన్నవాణ్ని అనుమానంగా చూసేవాడు. రెండోసారి లేదంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు. అందుకని జనం ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేక చిన్నవో పెద్దవో కష్టాలు తయారు చేసి ఉంచుకునేవాళ్లు.

కష్టం దొరికితే అర్జీ. నా చేత్తో రాసినవి మాత్రమే చెప్తాను. తపాలా పెట్టె పొట్టివాళ్లకి అందడం లేదని ఒకటి. పెట్టె కిందికి దించాక దాన్లో పిల్లలు వేపకాయలు వేస్తున్నారని ఇంకొకటి. రైలు స్టేషను పలక మీద తెలుగులో కూడా పేరు రాయించాలని ఒకటి. రాయించినా ఆయన చదవలేడు. దారి తప్పిన ఆంబోతు ఎవరిదో విచారించమని ఒకటి. ఆయనకి ఏ భాషలోనూ అక్షరం రాదు. రాసిన కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని తూకం చూసేవాడు. "బరువు చాల్లేదు, ఇంకో నాలుగు మాటలు వెయ్యి," అనేవాడు. నేను వేసేవాణ్ని. పెద్దమ్మ లోపలినుంచి మగ్గం ఆపకుండానే అనేది: "ఊళ్లో ఆంబోతు ఎవురిదో ఈయనకి కావాల. ఇంట్లో ఉప్పు అయిపోయి రెండు దినాలైంది, దానికి మాత్రం అర్జీ లేదు."

బావి సంగతి మాత్రం నిజమైన కష్టం. వానలు వరసగా తప్పాక మా వీధి బావి ఉప్పుకి తిరిగింది. తాగడానికి ముఖం చిట్లించుకుని తాగొచ్చు. కానీ ఆ నీళ్లతో కాచిన గంజి పట్టిస్తే నూలు పెళుసెక్కి, మగ్గం మీద టపటపా తెగిపోయేది. తెగిన పోగు ముడేసుకుంటూ కూర్చుంటే పూటకి నేసేది పూటకి తినడానికి చాలదు. కొత్త బావి రాకపోతే మగ్గాలు మూసి కూలికి పోవాలి. ఇద్దరు ముగ్గురు అప్పటికే జోలార్పేటకి రైలు పనికి వెళ్లిపోయారు. అర్జీలన్నిటికీ నవ్వే కుప్పయ్య ఈ అర్జీకి మాత్రం తనే వచ్చి తిన్నె మీద కూర్చున్నాడంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

నేను అప్పుడు చెన్నపట్నంలో ఓవర్సీరు చదువు మొదటి ఏడు ముగించి వచ్చాను. ఏ వస్తువు కనిపించినా కొలవకపోతే నిద్రపట్టని రోజులవి. అర్జీతో పాటు బావి పటం కూడా జతచేస్తానన్నాను. రెండు రోజులు కూర్చుని గీశాను. వ్యాసం పదడుగులు, లోతు నలభై, రాతి కట్టుబడి మందం అడుగున్నర, పిట్టగోడ రెండున్నర, గిలక స్తంభాలు నాలుగు, నీళ్లు పారడానికి వాలు పదడుగులకి మూడంగుళాలు. మొత్తం పందొమ్మిది కొలతలు. బావి ఎక్కడ తవ్వాలో చెప్పే కొలత అందులో ఒక్కటీ లేదు. ఎవరూ అడగలేదు. తిన్నె మీద కూర్చున్న అందరికీ ఆ చోటు కళ్ల ముందే కనిపిస్తోంది కాబట్టి, సర్కారు కచేరిలో కూర్చున్నవాళ్లకీ కనిపిస్తుందనుకున్నాం.

పెదనాయన సగం అరవంలో, సగం తెలుగులో చెప్తుంటే నేను అరవ అక్షరాల్లో రాయాలి. కచేరికి అరవం అయితేనే చెల్లుతుంది. దొరగారికి దణ్ణాలు మూడు వరసలు అయ్యాక, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా వీధికి బావి అక్కర. అంతే. ముక్కుసూటిగా రాయి."

"ఇంకొంచెం మర్యాదగా అడగొద్దా?" అన్నాడు కుప్పయ్య.

"మర్యాద పైన మూడు వరసలు పోసినాం గదప్పా. అడిగేది ఒక్క వరసలో అడగాల. దొరకి తీరిక ఉండదు."

"తీరిక లేని దొరకి మూడు వరసల మర్యాద ఎందుకో," అంది పెద్దమ్మ గడపలోంచి.

నేను రాశాను: తెరువుక్కు కిణరు అక్కరై. తెరువు అంటే వీధి, కిణరు అంటే బావి. అక్కర అన్న మాట చివర ఐకారం తగిలించడం నా సొంత తెలివి. అరవంలో అలా ఉంటే నిండుగా ఉంటుందని. ఉప్పు అక్కర, నూలు అక్కర అంటూ మా వీధిలో పొద్దస్తమానం వినపడే మాట అది. అది తెలుగు మాటో అరవ మాటో విడదీసి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. మా నోట్లో రెండు భాషలూ ఒకే పళ్లెంలో తింటాయి. పెదనాయన కాగితం తూచి చూసి, బాగుందన్నాడు.

ఆర్నెల్ల తర్వాత నేను సెలవులకి వచ్చేసరికి బావి మంజూరైందన్న కబురు నాకంటే ముందే వచ్చి ఉంది. పెదనాయన కొత్త తలపాగా చుట్టి, వీధి చివర సున్నంతో ముగ్గు పోయించి, పనివాళ్ల కోసం ఎదురు చూస్తున్నాడు. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు పొద్దున గంజి పట్టిస్తున్నవాళ్లు కుంచెలు ఆపి చెవులు రిక్కించారు. గడ్డపారల చప్పుడు. మా వీధిలో కాదు. ఏటికి అవతలినుంచి. మా ఏరు సంవత్సరంలో పదినెలలు ఇసుకే. ఆ ఇసుక దాటితే అవతలి గట్టున కూలివాళ్ల పాళెం ఒకటి ఉంది. వాళ్లూ తెలుగువాళ్లే, ఒక తరం ముందు క్రైస్తవంలో కలిసినవాళ్లు. వాళ్లకి బావి లేదు. ఏట్లో చెలమలు తవ్వుకుని ఊరిన నీళ్లు తాగేవాళ్లు. ఎండాకాలం చెలమలు ఎండితే మా బావి దగ్గరికి వచ్చి దూరంగా నిలబడేవాళ్లు. మా ఆడవాళ్లు ఎవరైనా తోడి, వాళ్ల కుండల్లో ఎత్తునుంచి పోసేవాళ్లు. ఇది మంచిపని అనుకునేవాళ్లం. ఆ పాళెం నడిమధ్యలో, పందొమ్మిది కొలతలకీ ఎక్కడా తేడా రాకుండా, మా బావి తవ్వుతున్నారు.

వారం పది రోజులు చూసి, పెదనాయన, నేను కాట్పాడి వరకు రైల్లో, అక్కడినుంచి జట్కాలో పాలారు వంతెన దాటి రాయవేలూరు కచేరికి వెళ్లాం. అక్కడి ఆఫీసరు మంచివాడే. అర్జీ తీయించి, వేలు పెట్టి చదివి వినిపించాడు: "తెరువుక్కు కిణరు, అక్కరై. వీధికి బావి, అవతలి గట్టున. మీరు అడిగింది అదేగా?" అప్పుడు నాకు వెలిగింది. అరవంలో అక్కరై అంటే అవతలి గట్టు. ఆఫీసరు నా ముఖం చూసి, పొరపాటైతే ఆ మాట రాసిమ్మన్నాడు. రాసిస్తే పని ఆపేస్తారు, గుంట పూడ్చేస్తారు, వచ్చే ఏడు మా వీధి అర్జీ మళ్లీ చూస్తారు. రాసివ్వకపోతే మా వంతు అయిపోయినట్టే, మళ్లీ ఎన్నేళ్లకో. శుక్రవారం దాకా గడువు.

తిరుగు జట్కా వంతెన సగం దాటాక పెదనాయన నా వైపు తిరిగాడు.

"అక్కర అంటే ఏందిరా రత్నం?"

"కావల్సింది అని."

"అరవంలో?"

"అవతలి గట్టు."

ఆయన పొడుం డబ్బీ తీసి, మూత మీద రెండుసార్లు కొట్టి, పీల్చకుండానే మళ్లీ మూసేశాడు. "రెండూ తప్పు కాదు గదరా," అన్నాడు.

మర్నాడు గొడుగు వేసుకుని ఏరు దాటాడు. నన్నూ రమ్మన్నాడు; పని ఆగిపోబోతోందని వాళ్లకి చెప్పడానికే అనుకున్నాను. బావి అప్పటికి ఇరవై రెండడుగులు దిగింది, అడుగున మట్టి నల్లగా చెమ్మగిల్లి ఉంది. పాళెంలో మాట చెల్లేది రాహేలమ్మకి. ఎండిన మనిషి, పెద్ద గొంతు. పిడికెడు తడిమట్టి తెచ్చి పెదనాయన చేతిలో పెట్టింది.

"మాకు బావి కావాలని మేమెవురమూ అడగలేదయ్యా. నువ్వు అడిగినావంట. ఎందుకడిగినావో చెప్పు. ఆదివారం గుళ్లో నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తారంట, పాదిరి అయ్యగారు కారణం కనుక్కురమ్మన్నారు."

పెదనాయన చేతిలో మట్టిని తూకం చూశాడు. నిజంగానే, అర్జీని చూసినట్టే చూశాడు. "ప్రార్థనలో పేరు ఎన్నిసార్లు చెప్తారు?" అని అడిగాడు.

"ఒకసారి."

"రెండుసార్లు చెప్పమను. మా ఊళ్లో ఇంకో చెంగల్రాయప్ప ఉండాడు, కలిసిపోతాడు."

గురువారం సాయంత్రం వీధి అంతా మా తిన్నె ముందు చేరింది. కుప్పయ్య కాగితం, సిరా తనే తెచ్చాడు. పొరపాటు జరిగిందని రాసి వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆయన కోపంలో తప్పు లేదు. ఆయన ఇంట్లోనే నాలుగు మగ్గాల్లో రెండు ఆగిపోయాయి. నేను లేచి, తప్పు నాదని చెప్పబోయాను. పెద్దమ్మ వెనకనుంచి చొక్కా పట్టి లాగింది. "కూర్చో. ఆయన అంత పొడుగు అబద్ధం ఎత్తుకోబోతా ఉంటే మధ్యలో నువ్వు నిజం తెస్తావా?"

"పొరపాటా?" అన్నాడు పెదనాయన. "ఇన్నేళ్లలో నా అర్జీలో పొరపాటు చూసినావా? నేను అక్కరే అడిగినాను. వాళ్లు అక్కరే ఇచ్చినారు."

"అయితే మాకు నీళ్లు యాడ?"

"అక్కర."

"మేము తాగేది యాడ?"

"అక్కరే. ఇసుక దాటి పోతే తియ్యని నీళ్లు. కాళ్లు లేవా మనకి?"

"మన వీధి మనుషులు ఆ పాళెం నీళ్లు ముట్టరు," అన్నాడు కుప్పయ్య. "ఒక్క బిందె కూడా రాదు. చూస్తా ఉండు."

"చూస్తా ఉంటాను. నాకు వేరే పనేముండాది?"

అలా పెదనాయన శుక్రవారం పోనిచ్చాడు. కర్మాంతరంలో జనం దీన్ని త్యాగం అన్నారు. నేను పక్కనే ఉండి చూశాను కనుక చెప్తున్నాను: త్యాగం ఎంతో, తన అర్జీలో తప్పుందని ఒప్పుకోలేని పొగరూ అంతే. కొలిచి విడదీయడానికి నా దగ్గర పనిముట్టు లేదు. ఒక గుడిలో రెండుసార్లు పేరు చదివించుకోవడం కోసం వీధి మొత్తం నీళ్లని పణంగా పెట్టాడని మా నాయన చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. దాని బరువు ఆయన తలమీద పడలేదు కూడా. పడింది ఆడవాళ్ల తలల మీద.

నేను మళ్లీ సెలవులకి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మా బావి నీళ్లు గంజికే కాదు, గొంతుకీ పనికిరాకుండా పోయాయి. అవతల బావిలో పన్నెండు అడుగుల నీళ్లు నిలిచాయని కబురు. మూడు రోజులు ఎవరూ కదల్లేదు. నాలుగో రోజు పెద్దమ్మ రెండు బిందెలు తీసుకుని బయల్దేరింది. వెనక మా అమ్మ, ఇంకో ఆరుగురు. వద్దన్నా నేనూ వెళ్లాను. బావి దగ్గరికి ఇరవై అడుగుల్లో మా ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోయారు. చెలమలు ఎండిన కాలంలో పాళెం వాళ్లు మా బావి దగ్గర సరిగ్గా ఎంత దూరంలో నిలబడేవాళ్లో అంత దూరం. రాహేలమ్మ చేద పట్టుకుని ఇటు చూసింది.

"ఆడనే నిలబడండమ్మా. నేను తోడి ఎత్తునుంచి పోస్తాను. మీ వీధిలో పద్ధతి అదే గదా."

ఎగతాళిగా అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది. పెద్దమ్మ బిందె కింద పెట్టి, కొంగు దోపుకుని, ముందుకి నడిచింది.

"ఆ పద్ధతి ఇసుకలో యాడనో జారిపోయింది. తాడు ఇట్లా ఇయ్యి. నీ తోడుడు చూస్తే సాయంత్రమయ్యేట్లుండాది."

"తోడుకో. ఒలకబోసినావంటే మాత్రం తిడతాను."

"తిట్టు. ఇంట్లో అలవాటే."

ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లే ఏరు దాటింది. కుప్పయ్య పక్షం వాళ్లకి ఒక సాకు కావలసి వచ్చింది. పెదనాయన తయారు చేసి ఇచ్చాడు: ఏటి ఇసుక దాటి వచ్చిన నీళ్లు ఏవైనా శుద్ధమేనని శాస్త్రంలో ఉందన్నాడు. ఏ శాస్త్రమని కుప్పయ్య నిలదీస్తే, "నాకు చదువు రాదు గదప్పా, నన్నడిగితే ఎట్ల?" అన్నాడు. పదిహేను రోజులకి కుప్పయ్య భార్య కూడా బిందె ఎత్తుకుంది. ఆ నీళ్లతో కాచిన గంజికి నూలు తెగడం మానింది. మగ్గాలు మళ్లీ మోగాయి. పెద్దమ్మ మాత్రం మొగుణ్ని క్షమించలేదు. ఆ ఎండాకాలమంతా ఆయన స్నానానికి సరిగ్గా రెండు చెంబులు కొలిచి ఇచ్చేది. మూడోది అడిగితే, "అక్కర," అని ఏటి వైపు చెయ్యి చూపించేది.

ఆరేళ్లకి మా వీధికీ బావి వచ్చింది. ఆ అర్జీ నేను రాయలేదు. వకీలు గుమాస్తా ఒకరు ఇంగ్లీషులో రాశారు. పటం మాత్రం నాదే, వీధి, ఏరు, దిక్కులతో సహా. మా బావి దగ్గరికి పాళెం వాళ్లు రారు. వాళ్లకి అక్కర్లేదు కనుక రారని మా వీధివాళ్లు అంటారు. ఎవరూ పిలవలేదు కనుక రామని రాహేలమ్మ అంటుంది. ఆమెకి ఇప్పుడు చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. పెద్దమ్మ తెంపిన పద్ధతి ఏటికి ఒక పక్కే తెగింది. పెదనాయన ఆ రెండో పక్క కోసం కూడా అర్జీ రాయించాలని చివరిదాకా అనుకునేవాడు కానీ, అది ఎవరికి రాయాలో ఆయనకి తెలియలేదు. నన్నడిగాడు. నాకూ తెలియలేదు.

కర్మాంతరం నాడు రెండు వందల మందికి భోజనాలు. వంటకి మా వీధి బావి ఉంది, వాకిట్లోంచి పదడుగులు. ఆ నీళ్లకి కందిపప్పు సరిగ్గా ఉడకదని వంటావిడ అంది. తక్కిన ఆడవాళ్లు అవునన్నారు. ఉడుకుతుందని నేను రెండు నీళ్లతోనూ వేరువేరుగా పప్పు వండి చూపించగలను కానీ, ఎవరూ అడగలేదు. పొద్దున్నే బిందెలు ఎత్తుకుని ఇసుకలోకి దిగారు. నేను అవతలి గట్టు మీద రాహేలమ్మ పక్కన కూర్చుని, పుస్తకంలో బిందెకో గీత పెట్టాను. భోజనాలు వడ్డించే వేళకి అవతలినుంచి మా వీధికి వచ్చిన బిందెలు ముప్ఫై ఏడు.